డెలివరీ ఎక్కడిది? దలాల్ స్ట్రీట్ బేర్ల కథ

1982 ఏప్రిల్ 30, శుక్రవారం. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లెక్కలు తేల్చుకోవాల్సిన రోజు. అంతకు ఆరు వారాల ముందు, మార్చి 18న, కలకత్తా కేంద్రంగా పనిచేసే కొందరు వ్యాపారుల తరఫున బ్రోకర్లు అరగంట వ్యవధిలో మూడున్నర లక్షల రిలయన్స్ షేర్లు అమ్మకానికి కుమ్మరించారు. 131 రూపాయలున్న ధర 121కి జారింది. అమ్మినవాళ్ల చేతిలో ఆ షేర్లు లేవు. ధర ఇంకా పడుతుంది, అప్పుడు చవగ్గా కొని లెక్క సరిచేయవచ్చు అన్నది వాళ్ల అంచనా. కానీ అమ్మిన ప్రతి షేరునూ ఎవరో కొంటూనే ఉన్నారు. రిలయన్స్ మిత్రులమంటూ రంగంలోకి దిగిన బ్రోకర్లు కొన్నవి 8 లక్షలు దాటాయి.

ఆ శుక్రవారం కొన్నవాళ్లు మామూలుగా అడగని మాట అడిగారు: డెలివరీ ఇవ్వండి.

అమ్మినవాళ్లకు కాళ్ల కింద నేల కదిలింది. ఖాతా వచ్చే పక్షానికి వాయిదా వేయమని బతిమాలారు. అందుకు ఒప్పుకోవాలంటే షేరుకు పాతిక రూపాయల మేర ముట్టజెప్పాలని అవతలివాళ్లు పట్టుబట్టినట్టు అప్పట్లో చెప్పుకున్నారు. రాజీ కుదరలేదు. ఎక్స్ఛేంజ్ పెద్దలు మూడు రోజుల పాటు మార్కెట్‌నే మూసేశారు. ధర పడుతుందని అమ్మిన ఈ బేర్లు ఎక్కడెక్కడి నుంచో షేర్లు వెతికి, అడిగినంత పెట్టి కొని అప్పజెప్పారు. మే 10 నాటికి ధర 200 దాటింది. రిలయన్స్ అధినేత ధీరూభాయ్ అంబానీ పేరు దేశమంతా మారుమోగింది. ఆ కొనుగోళ్లకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న మరుసటి ఏడు పార్లమెంటుకూ చేరింది. రిలయన్స్ షేర్లు కొన్న విదేశీ సంస్థల జాబితాలో 'క్రొకడైల్', 'ఫియాస్కో' అనే పేర్లు కనిపించాయి. ఒకటి మొసలి, ఇంకొకటి అభాసు. కథ రాసేవాడు కల్పిస్తే నమ్మని పేర్లు.

లేని షేరును అమ్మడాన్నే షార్ట్ సెల్లింగ్ అంటారు. మన ట్రేడర్లు 'షార్ట్ కొట్టడం' అంటారు. ముందు అమ్మి, తరవాత కొనడం. 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్న సామెత దీని కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. అయినా ఈ వ్యాపారం దొంగతనమేమీ కాదు. ధర అతిగా పెరిగిందని నమ్మినవాడు తన నమ్మకం మీద డబ్బు పెట్టే దారి ఇది. చిక్కంతా ఒక్క చోటే ఉంది. అమ్మిన సరుకు చెప్పిన రోజుకు అప్పజెప్పకపోతే ఏమిటి? ఆ జవాబుదారీ అమ్మినవాడిదా, అతని బ్రోకరుదా, ఎక్స్ఛేంజ్‌దా? మన దేశంలో షార్ట్ సెల్లింగ్ నిబంధనల చరిత్ర మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

గడువు పెట్టి లేని షేర్ల మీద బేరాలాడే అలవాటు దలాల్ స్ట్రీట్ కన్నా పాతది. 1850లలో బొంబాయి టౌన్ హాల్ ఎదుట మర్రిచెట్ల నీడన గుజరాతీ, పార్సీ దళారులు చేరేవారు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండ్‌కు ఆగిపోయింది. మన పత్తికి బంగారపు ధర పలికింది. ఆ గిరాకీ వేడి కాకినాడ రేవునూ తాకింది. బొంబాయిలో మాత్రం ఆ డబ్బు షేర్ల మీదికి మళ్లింది. సముద్రాన్ని పూడ్చి భూమి తీస్తామన్న బ్యాక్‌బే కంపెనీ షేరు, 5 వేలు చెల్లించినది, 50 వేల దాకా ఎగబాకింది. పేరుమోసిన దళారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ కనుసన్నల్లో ఊరు ఊరంతా బేరాలాడింది. వాటిలో చాలా బేరాలు గడువు బేరాలు: 1865 జూలై 1న షేర్లు ఇస్తాను, డబ్బిస్తావు అన్న ఒప్పందాలు. అమ్మినవాడి దగ్గర షేర్లు లేవు, కొన్నవాడి దగ్గర డబ్బూ లేదు.

1865 ఏప్రిల్‌లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. యుద్ధం ముగిసింది, పత్తి ధర కూలింది. జూలై 1 వచ్చేసరికి చెల్లించగలిగినవాడు కనిపించలేదు. బ్యాక్‌బే షేరు 2 వేల లోపుకు పడిపోయింది. అదే ఏడు బొంబాయి ప్రభుత్వం పందెం ఒప్పందాలను, వాటికి తోడుగా రాసుకునే ఒప్పందాలను కోర్టుల్లో చెల్లకుండా చేస్తూ చట్టం తెచ్చింది. ఈ వ్యాపారం మీద పడిన తొలి చట్టపు దెబ్బల్లో అదొకటి. ప్రేమ్‌చంద్ దివాలా తీసినా, తల్లి పేరిట అంతకుముందే ఇస్తానన్న విరాళంతో కట్టిన రాజాబాయి గడియార స్తంభం బొంబాయి విశ్వవిద్యాలయం ఆవరణలో ఇప్పటికీ నిలిచి ఉంది.

దళారులు 1875లో సంఘం కట్టుకున్నారు. ప్రవేశ రుసుము ఒక్క రూపాయి. నేటి బీఎస్ఈకి మూలం అదే. హైదరాబాద్‌కు సొంత స్టాక్ ఎక్స్ఛేంజ్ రావడానికి 1943 దాకా పట్టింది. తెరలు, కంప్యూటర్లు వచ్చాక దాని బేరాలు ముంబైకి పోయాయి. 2007లో గుర్తింపూ పోయింది.

బొంబాయి సంఘం తన వ్యాపారానికి గుండెకాయగా చేసుకున్నది 'బద్లా' పద్ధతి. షార్ట్ సెల్లింగ్ ఎలా బతికిందో తెలియాలంటే దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఖాతా పద్నాలుగు రోజులది. ఒక బేరు వంద షేర్లు 500 చొప్పున అమ్మాడనుకుందాం. ఖాతా చివర ఎక్స్ఛేంజ్ ఒక 'హవాలా రేటు' ప్రకటిస్తుంది. అది 480 అనుకుంటే, ఆ ధరకు అతను కొన్నట్టు రాసి పాత ఖాతా మూసేస్తారు. షేరుకు 20 చొప్పున 2 వేల రూపాయల లాభం అతనికి జమ. అదే 480కి మళ్లీ అమ్మినట్టు కొత్త ఖాతా తెరుస్తారు. షేరు కదలదు, కాగితం కదలదు, బేరం మాత్రం సాగుతూనే ఉంటుంది. వాయిదాకు ఒక ధర ఉంటుంది, అదే బద్లా. మార్కెట్‌లో కొన్నవాళ్లు ఎక్కువైతే వాళ్లు వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ కోసం డబ్బు తిప్పే ఫైనాన్షియర్లు ఉండేవారు. అమ్మినవాళ్లు ఎక్కువై షేర్లకు కరువొస్తే లెక్క తిరగబడుతుంది. అప్పుడు బేరే ఎదురు కట్టాలి. దాన్ని 'ఉంధా బద్లా' అనేవారు. శనివారాల్లో ప్రత్యేకంగా బద్లా బేరాలు జరిగేవి. 1982లో కలకత్తా బేర్ల మెడకు చుట్టుకున్నది ఈ ఉంధా బద్లానే.

ఈ పద్ధతిలో అప్పు ఉంది, వాయిదా ఉంది, జూదం ఉంది. గట్టి పూచీ మాత్రం లేదు. మార్జిన్ వసూలు చేయాల్సిందీ బ్రోకర్లే, చేసింది చాలా లేదా అని తేల్చాల్సిందీ బ్రోకర్లు ఎన్నుకున్న పాలకమండలే. ఆటగాడే అంపైర్ అయిన ఏర్పాటు అది. 1982లో మార్కెట్‌ను మూసినవాళ్లు కూడా వాళ్లే.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు, అలాగని ఒక మాట మీదా నిలబడలేదు. 1956లో సెక్యూరిటీ కాంట్రాక్టుల చట్టం తెచ్చింది. 1969 జూన్ 27న షేర్లలో ఫార్వర్డ్ బేరాలన్నిటినీ నిషేధించింది. బేరగాళ్లు వేరే పేర్లతో అదే పని చేసుకున్నారు. 1983లో ఎంపిక చేసిన షేర్లకు బద్లాను అధికారికంగా మళ్లీ అనుమతించారు. నిషేధం, దొడ్డిదారి, మళ్లీ అనుమతి. తరవాతి దాదాపు ఇరవయ్యేళ్లూ ఇదే వరస.

1992 వేసవి నాటికి బ్రోకరు హర్షద్ మెహతా బ్యాంకుల డబ్బుతో షేర్లను ఆకాశానికెత్తాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో సెన్సెక్స్ 4,400 దాటింది. ఏసీసీ సిమెంట్ షేరు వందల్లోంచి వేలల్లోకి ఎగిసింది. ధరలు అతిగా ఉన్నాయని అమ్మిన బేర్లు, అప్పటికి దలాల్ స్ట్రీట్‌ను గడగడలాడించిన మనూ మానెక్ కూటమితో సహా, దెబ్బ మీద దెబ్బ తిన్నారు. ఏప్రిల్ 23న విలేకరి సుచేతా దలాల్ టైమ్స్ ఆఫ్ ఇండియాలో స్టేట్ బ్యాంకు డబ్బు గల్లంతు సంగతి బయటపెట్టారు. ధరలు కూలాయి, బేర్ల అంచనా నిజమైంది. కానీ అంచనా నిజమయ్యేదాకా నిలబడే బలం ఉంటేనే ఈ వ్యాపారంలో గెలుపు. అది లేనివాడికి సరైన అంచనా కూడా దివాలాకే దారి.

ఆ ఏడాదే చట్టబద్ధ అధికారాలు పొందిన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, 1993 డిసెంబరులో బద్లాను ఆపేసింది. జి.ఎస్. పటేల్ కమిటీ సిఫారసుల తరవాత 1996లో కట్టుబాట్లతో అది తిరిగొచ్చింది. ఈ లోగా రెండు మార్పులు మార్కెట్ ముఖాన్నే మార్చేశాయి. 1994 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్ఎస్ఈ) తెరల మీద షేర్ల బేరాలు మొదలుపెట్టింది. 1996లో డీమ్యాట్ వచ్చింది. షేరు ఎవరి పేరిట ఉందో మీట నొక్కితే తెలిసిపోయే రోజులొచ్చాయి.

2001 మార్చి. బడ్జెట్ వచ్చిన రెండు రోజులకే మార్కెట్ విరగబడి, 2వ తేదీన సెన్సెక్స్ 176 పాయింట్లు పోయింది. బేర్ల కూటమే చేసిందన్న కేకలు మిన్నంటాయి. బీఎస్ఈ నిఘా విభాగం నుంచి రహస్య సమాచారం అడిగారన్న ఆరోపణపై ఎక్స్ఛేంజ్ అధ్యక్షుడు రాజీనామా చేయాల్సి వచ్చింది. పాలకమండలిలోని బ్రోకర్ డైరెక్టర్లను తప్పించారు. ఆ నెలలోనే సెబీ, చేతిలో షేరు లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. తీరా చూస్తే అసలు కుంభకోణం బేర్లది కాదు. కేతన్ పరేఖ్ అనే బుల్, అంటే ధర పెరుగుతుందని కొనేవాడు, బ్యాంకు అప్పులతో నిలబెట్టిన షేర్లు కూలడం, కలకత్తాలో అతని తరఫు బ్రోకర్లు చెల్లింపులు ఎగ్గొట్టడం, మాధవ్‌పురా సహకార బ్యాంకు మునగడం, ఇదీ కథ. మార్చి 30న పరేఖ్ అరెస్టయ్యాడు. నిప్పు పెట్టినవాణ్ని వదిలి మంటలు చూసి అరిచినవాడి నోరు ముందు మూయించినట్టయింది. ధర పెరిగినప్పుడు ఎందుకు పెరిగిందని అడిగే నాయకుడు మన దేశంలో అరుదు, పడినప్పుడు మాత్రం దోషి కావాలి. ఆ దోషి ఎప్పుడూ అమ్మినవాడే.

అయితే ఆ సంక్షోభం ఒక మేలు చేసింది. 2001 జూలై 2న బద్లా శాశ్వతంగా పోయింది. పాత ఖాతాల స్థానంలో ఏ రోజు బేరం ఆ రోజుదే అనే రోలింగ్ సెటిల్‌మెంట్ వచ్చింది. మొదట ఐదు రోజుల గడువు, 2002లో మూడు, 2003లో రెండు. 2023 జనవరి 27 నుంచి అన్ని షేర్లకూ ఒక్క రోజే. వాయిదా మీద బతికిన బేరుకు అలా వాయిదా లేకుండా పోయింది. అతను ఫ్యూచర్స్‌కు తరలిపోయాడు. విడి షేర్ల ఫ్యూచర్స్ 2001 నవంబరులో మొదలయ్యాయి.

నగదు మార్కెట్‌లో షార్ట్ సెల్లింగ్‌కు పూర్తి నిబంధనలు రావడానికి 2007 డిసెంబరు 20 దాకా పట్టింది. ఆ రోజు సెబీ ఇచ్చిన సర్క్యులర్ చిన్నదే గాని, నేటికీ పునాది అదే. రిటైల్ మదుపరి అయినా, సంస్థ అయినా షార్ట్ చేయవచ్చు. కానీ సెటిల్‌మెంట్ రోజున షేరు అప్పజెప్పి తీరాలి. అప్పజెప్పే ఏర్పాటు లేని నేకెడ్ షార్ట్‌కు చోటు లేదు. సంస్థలు ఆర్డరు పెట్టేటప్పుడే ఇది షార్ట్ అని చెప్పాలి. రిటైల్ మదుపరులు ఆ రోజు మార్కెట్ ముగిసేలోగా చెబితే సరిపోతుంది. సంస్థలు అదే రోజు కొని లెక్క మూసే డే ట్రేడింగ్ చేయకూడదు. బ్రోకరు ఈ వివరాలన్నీ షేరువారీగా సేకరించి మర్నాడు మార్కెట్ తెరవకముందే ఎక్స్ఛేంజ్‌కు అప్‌లోడ్ చేయాలి. ఎక్స్ఛేంజ్ వాటిని ప్రజలకు చూపాలి. అప్పజెప్పలేని బ్రోకర్లపై చర్యలకు ఎక్స్ఛేంజ్‌లన్నీ ఒకే రకమైన నిబంధనలు పెట్టుకోవాలి.

షేరు లేనివాడు అప్పు తెచ్చుకునే వేదికగా ఎస్ఎల్‌బీ, అంటే షేర్ల అరువు విభాగం, 2008 ఏప్రిల్ 21న తెరుచుకుంది. మొదట్లో అరువు గడువు ఏడు రోజులే. అక్కడే అసలు లోపం. దొంగలెక్కల కంపెనీని పసిగట్టినవాడికి అది బయటపడేదాకా నెలలు కావాలి, ఏళ్లు కావాలి. ఏడు రోజుల అరువుతో ఎవరు పోరాడతారు? ఆ అక్టోబరులో గడువు ముప్పై రోజులైంది. పన్నెండు నెలలు కావడానికి 2010 రావాల్సి వచ్చింది.

మధ్యలో ఏం జరిగిందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లేఖ వెలువడింది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని అందులో ఒప్పుకున్నారు. దాదాపు 179 రూపాయలున్న షేరు ఆ ఒక్క రోజులో 40 దగ్గరికి వచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగులు, వాళ్ల బంధువులు, ఊరి పేరు చూసి షేరు కొన్న మామూలు జనం నష్టపోయారు. ఆడిటర్లు, డైరెక్టర్లు, రేటింగులు, అవార్డులు, ఎవరూ పట్టుకోలేని సంగతిని బేర్లు పట్టుకునేవారా? కచ్చితంగా చెప్పలేం. కానీ పట్టుకుంటే లాభం వచ్చేది వాళ్లకే, కాబట్టి వెతికే ఆశ కూడా వాళ్లకే ఉండేది. ఆ ఆశకు మన మార్కెట్ ఇచ్చిన ఆయుష్షు అప్పటికి నెలరోజులు.

అప్పటికే ప్రపంచం 2008 సంక్షోభంలో ఉంది. ఆ సెప్టెంబరులో అమెరికా 799 ఆర్థిక సంస్థల షేర్లలో షార్ట్ సెల్లింగ్‌ను తాత్కాలికంగా నిషేధించింది. సెబీ అంత దూరం వెళ్లలేదు. విదేశీ సంస్థలు భారతీయ షేర్లను బయటి దేశాల్లో అరువిచ్చుకోవడాన్ని మాత్రం తప్పుపట్టింది. 2020 మార్చిలో కోవిడ్ పతనం వేళ డెరివేటివ్స్ పరిమితులు బిగించింది. రెండుసార్లూ నగదు మార్కెట్‌లో షార్ట్ సెల్లింగ్‌ను నిషేధించలేదు. 2001 నాటి తొందరపాటుతో పోలిస్తే అది ఎదుగుదలే.

మన దగ్గర బ్రోకరు పని అమెరికా బ్రోకరు పనిలాంటిది కాదు. అక్కడ మార్జిన్ ఖాతాల్లోని షేర్లు బ్రోకరు పేరిటే ఉంటాయి, వాటిని బేర్లకు అరువివ్వడం వాళ్లకు రోజువారీ ఆదాయం. ఇక్కడ డీమ్యాట్ ఖాతా మదుపరిదే. ఒకరి షేరు తీసి ఇంకొకరి డెలివరీకి వాడటం నేరం. ఆ గీత దాటితే ఏమవుతుందో 2019 నవంబరు 22న హైదరాబాద్ కేంద్రంగా ఉన్న కార్వీ స్టాక్ బ్రోకింగ్‌పై సెబీ ఇచ్చిన ఉత్తర్వుతో దేశానికి తెలిసింది. ఖాతాదారుల షేర్లను తనవన్నట్టు బ్యాంకుల్లో తాకట్టు పెట్టి ఆ సంస్థ అప్పులు తెచ్చుకుంది. అది షార్ట్ సెల్లింగ్ కేసు కాదు. కానీ 2020 సెప్టెంబరు నుంచి షేర్లు మదుపరి ఖాతాలోనే ఉంచి, అతని ఓటీపీతో మాత్రమే మార్జిన్ కోసం తాకట్టు పెట్టాలన్న నిబంధన అమల్లోకి రావడం వెనక ఆ ఉదంతం ఉంది. మదుపరికి ఇది రక్షణ. అరువు మార్కెట్ పెరగకపోవడానికీ ఇదొక కారణమే.

ఆ ఏడాది డిసెంబరు నుంచే పీక్ మార్జిన్ కూడా మొదలైంది. అంతకుముందు వెయ్యి రూపాయలు చూపితే ఇరవై వేల బేరం ఆడనిచ్చిన బ్రోకర్లుండేవారు. 2021 సెప్టెంబరు నుంచి రోజులో ఏ క్షణంలోనైనా నూరు శాతం మార్జిన్ ఉండాల్సిందే, లేకుంటే జరిమానా.

2023 జనవరి 24న అమెరికాలోని హిండెన్‌బర్గ్ సంస్థ అదానీ గ్రూపుపై నివేదిక ఇచ్చినప్పుడు షార్ట్ సెల్లర్ అన్న మాట టీ కొట్టు దాకా వెళ్లింది. 20 వేల కోట్ల ఎఫ్‌పీఓను, అంటే అదనపు షేర్ల అమ్మకాన్ని, అదానీ ఎంటర్‌ప్రైజెస్ వెనక్కి తీసుకుంది. విచిత్రమేమిటంటే, తన షార్ట్ పొజిషన్లు అమెరికాలో ట్రేడయ్యే బాండ్లలోనూ, భారత్ బయట ట్రేడయ్యే డెరివేటివ్స్‌లోనూ ఉన్నాయని ఆ సంస్థే చెప్పింది. దలాల్ స్ట్రీట్ అరువు విభాగంతో దానికి పని పడలేదు. 2024 జనవరి 3న సుప్రీంకోర్టు, షార్ట్ సెల్లర్లు చట్టం మీరారేమో చూడమని ప్రభుత్వానికీ, సెబీకీ చెప్పింది. రెండు రోజులకు సెబీ సర్క్యులర్ వచ్చింది. చదివినవాళ్లకు అది 2007 నాటి పాత ముఖమే. రిటైల్ మదుపరికి అనుమతి ఉంది, నేకెడ్ షార్ట్‌కు లేదు, వివరాలు మర్నాటి ఉదయానికి ఎక్కాలి.

నేటి చిన్న ట్రేడరుకు ఈ చరిత్ర అంతా మధ్యాహ్నం మూడు దాటాక ఎదురవుతుంది. ఉదయం ఇంట్రాడేలో షార్ట్ కొట్టిన షేరును మూడుంబావు ప్రాంతంలో బ్రోకరు సిస్టమ్ తానే కొని స్క్వేర్ ఆఫ్ చేస్తుంది. ఆ షేరు అప్పటికే అప్పర్ సర్క్యూట్ కొట్టి ఉంటే అమ్మేవాడు ఒక్కడూ ఉండడు, కాబట్టి కొనడం కుదరదు. అప్పుడు అది ఆక్షన్‌కు పోతుంది. ఎక్స్ఛేంజ్ వేలంలో ఎంతకు దొరికితే అంతకు కొని అవతలివాడికి ఇస్తుంది. వేలంలోనూ దొరక్కపోతే క్లోజ్ అవుట్: బేరం రోజు నుంచి ఆక్షన్ రోజు దాకా పలికిన అత్యధిక ధర, లేదా ఆక్షన్ రోజు ముగింపు ధర మీద 20 శాతం అదనం, ఏది ఎక్కువైతే అది. నష్టం, జరిమానా ట్రేడరు ఖాతాలోకి. 1982లో మూడు రోజులు మార్కెట్ మూసి తేల్చుకున్న పంచాయితీని ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ ఎవరినీ అడక్కుండా తేల్చేస్తుంది.

ఎస్ఎల్‌బీ వేదిక తెరిచి పదిహేనేళ్లు దాటినా, ఫ్యూచర్స్ పరిమాణం ముందు అది ఇప్పటికీ పిల్లకాలువే. నిబంధనలు బేరును ఆపలేదు, అతన్ని డెరివేటివ్స్ వైపు తోలాయి. అది ఎవరికి మేలన్నది వేరే చర్చ. ఇంట్రాడేలో షార్ట్ కొట్టాలనుకునే పాఠకులు మాత్రం ముందుగా తమ బ్రోకరు స్క్వేర్ ఆఫ్ సమయం, షార్ట్ డెలివరీ నిబంధన చదువుకోవాలి. 2022-23లో షేర్ల నగదు విభాగంలో ఇంట్రాడే చేసిన వ్యక్తుల్లో పదిమందికి ఏడుగురు నష్టపోయారని 2024 జూలైలో సెబీ విడుదల చేసిన అధ్యయనం తేల్చింది.